తెల్లపొత్తులో పసుపు గింజలు

గ్రాసింద రొట్టె పారేయడం మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. చేతిలోంచి ముక్క జారి కిందపడితే తీసి, దుమ్ము దులిపి, ఒకసారి ముద్దుపెట్టుకుని నోట్లో వేసుకుంటుంది. ఆ మాటకొస్తే మా దగ్గర ముసలాళ్ళంతా చేసే పనే అది. కానీ గ్రాసింద అక్కడితో ఆగే మనిషి కాదు. కేఫ్‌లో ఎవరైనా పళ్ళెంలో రొట్టె వదిలేసి లేచారా, "ఏం బాబూ, ఆకలంటే ఏంటో మీ అమ్మ నీకు చెప్పలేదా?" అని నిలదీసేస్తుంది. పైవూరివాడైనా ఒకటే, ఫాదరుగారైనా ఒకటే. ఫాదరుగారు ఆమెను చూస్తే చాలు, పళ్ళెం ఊడ్చి తింటారు.

ఆమె చేసే రొట్టె గోధుమది కాదు. తెల్ల మొక్కజొన్న పిండిలో, గోధుమకి చుట్టమైన రై ధాన్యం పిండి కాస్త కలిపి, పోయిన వారం దాచిన పులిసిన ముద్దతో పిసికి, పైన చేత్తో సిలువ గీసి, కట్టెల బట్టీలో కాల్చిన మందపాటి రొట్టె. పైన ఎండిన చేనులా పగుళ్ళు, లోపల తడి. ఆ మొక్కజొన్న విత్తనం వాళ్ళ అమ్మది, అంతకుముందు అమ్మమ్మది. చేను నడిమధ్య నుంచి మంచి పొత్తులు ఏరి, వాటి డొప్పలు జడల్లా అల్లి, వంటింటి దూలానికి పొగ తగిలేలా వేలాడదీస్తుంది. మరుసటేటి విత్తనానికి అవే. కూతురు అడిగినా వాటిలోంచి ఒక్క గింజ ఇవ్వదు.

ప్రతి శనివారం బట్టీలోంచి రొట్టెలు తీశాక ఒకటి గుడ్డలో చుట్టి, కాలవ మీద అడ్డంగా వేసిన రాతిపలక దాటి సిల్వేరియు ఇంటికి పట్టుకెళ్ళేది. సిల్వేరియు ఆమె కూతుర్ని బాప్తిస్మంలో ఎత్తుకున్న జ్ఞానతండ్రి. మా దగ్గర ఆ వరస రక్తసంబంధం కన్నా ఒక పిసరు ఎక్కువే. గ్రాసింద మొగుడు చనిపోయిన ఏడు ఆమె చేను దున్నిందీ, కాలవ నీళ్ళు పెట్టిందీ, కోసి ఇంటికి చేర్చిందీ అతనే. ఒక్కమాట అడిగించుకోలేదు. అప్పట్నుంచి ఆమె అతన్ని అన్నా అనీ, అతని పెళ్ళాం జుల్మీరాను వదినా అనీ నోరారా పిలుచుకునేది. ఆ ముగ్గురూ ఒకచోట చేరితే నవ్వులే నవ్వులు.

సిల్వేరియుకి పోర్చుగల్ నడుమ మా లోయలో పారే మొందేగు నది పక్కన, గ్రాసింద చేనుకి ఆనుకుని పెద్ద చేను. వేసేది పసుపు మొక్కజొన్న, పశువుల దాణాకి. దాన్ని కాండం తొలిచే పురుగు పట్టుకుంటే వదలదు. ఏళ్ళ తరబడి వీపుకి డబ్బా కట్టుకుని మందు కొట్టీ కొట్టీ మనిషి ఊపిరి పాడైంది. మెట్టెక్కితే చాలు, ఎగశ్వాస. డాక్టరు "ఇక మందు డబ్బా ముట్టుకున్నావో, నా దగ్గరికి రాకు, నేరుగా ఫాదరు దగ్గరికెళ్ళు" అన్నాడట.

ఆ వసంతంలో సిల్వేరియు టోపీ చేతిలో పట్టుకుని గ్రాసింద గుమ్మంలో నిలబడ్డాడు. వరండాలో చిక్కుడు గింజలు ఒలుస్తున్న గ్రాసిందకి నవ్వొచ్చింది.

"ఏంటన్నా, టోపీ తీశావ్? ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు చెల్లెమ్మా. ఈ ఏడు ఆ కొత్త విత్తనం వేస్తున్నా. పక్క చేలవాళ్ళకి ముందే చెప్పాలని చట్టం. చట్టం లేకపోయినా నీకు చెప్పేవాణ్ణే అనుకో."

"ఏ విత్తనం? టీవీలో కొట్టుకు చస్తున్నారే, ఆ జన్యువులు మార్చిందా?"

"అదే. పురుగు కొరికితే పురుగే చస్తుంది. మందు కొట్టక్కర్లేదు."

"మరి మనిషి కొరికితే?"

"మనిషికేం కాదంటున్నారు."

"ఎవరు అంటున్నది?"

"అమ్మేవాళ్ళే," అని నవ్వి, నవ్వు కాస్తా దగ్గయి, గోడ పట్టుకున్నాడు. దగ్గు ఆగాక అన్నాడు: "నీ వైపు అంచున మామూలు విత్తనం వరసలు వేస్తాను, కొత్తదాని పుప్పొడి వాటి దగ్గరే ఆగిపోతుంది. నీ తెల్లదానికి ఏం కానివ్వను. ఒట్టు."

ఆ దగ్గు విన్నాక గ్రాసిందకి కాదనడానికి నోరు రాలేదు. "నీ చేను, నీ ఇష్టం," అంది. ఇష్టం లేకుండానే అంది.

అదే ఎండాకాలం గ్రాసింద చేలో, వరసల్లో కాకుండా పక్కగా, తనంతట తాను మొలిచిన మొక్కలు కొన్ని లేచాయి. ఇంకెవరైనా అయితే కలుపుతో పాటు పీకి పడేసేవారు. గ్రాసింద ఇంట్లో అలా కాదు. ఎవరూ నాటకుండా లేచిన మొక్కజొన్న పరలోకానికి పోయేముందు పాపాలు కడుక్కునే చోట, ఉత్తరించే స్థలంలో ఉన్న ఆత్మలది, దాన్ని పీకకూడదు అని వాళ్ళమ్మ మాట. దాని పొత్తులు విడిగా కోసి, చర్చి దగ్గర వేలంలో పెట్టి, వచ్చిన డబ్బు వాటి పేర పూజకి ఇవ్వాలి. అందుకని గ్రాసింద వాటి చుట్టూ కలుపు తీసింది, ఒరిగినదానికి కర్ర కట్టింది. బలంగా పెరిగాయి. "ఆత్మలకి ఈ ఏడు ఆకలి ఎక్కువగా ఉన్నట్టుంది," అని జుల్మీరాతో అంటే ఇద్దరూ నవ్వుకున్నారు కూడా.

సెప్టెంబరులో విత్తనపు పొత్తులు ఏరడానికి చేనులో దిగింది. మొదటి పొత్తు డొప్ప తీసింది. తెల్లగా, పాలపళ్ళలా వరసగా ఉండాల్సిన గింజల మధ్య అక్కడక్కడా పసుపు. పక్కన సిల్వేరియు పసుపు చేనున్నా, ఇన్నేళ్ళలో ఏ పొత్తుకో ఒకటీ అరా తప్ప ఇన్ని ఎప్పుడూ చూడలేదు. ఇంకోటి తీసింది. అందులోనూ ఉన్నాయి. మా దగ్గర చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు, తెల్లపొత్తు మీద పసుపు మొక్క పుప్పొడి పడితే ఆ గింజ పసుపై కూచుంటుందని. గ్రాసిందకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మమ్మ చేతి విత్తనం, ఏ కరువులోనూ పోని విత్తనం, తన చేతుల్లో పాడైపోయింది.

ఆ పొత్తు పట్టుకునే కాలవ దాటింది.

"ఏంటిది?" అంది సిల్వేరియు ముక్కు ముందు పెట్టి.

అతను చూశాడు. ముఖం మాడిపోయింది. "నేను అంచు వరసలు వేశాను, చెల్లెమ్మా. కావాలంటే వచ్చి చూడు. మామూలు విత్తనమే."

"ఏం చూడను? రెండూ పసుపే కదా! నువ్వు ఏది వేశావో దానికి నోరుందా చెప్పడానికి?"

"నా మాట ఉంది కదమ్మా."

"నీ మాట ఇదిగో, పొత్తులో కనబడుతోంది."

జుల్మీరా లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది. "వదినా, కూచో, ముందు మంచినీళ్ళు తాగు" అంటూనే ఉంది. గ్రాసింద కూచోలేదు, తాగలేదు.

అక్కడితో పోయినా పోయేది. కానీ ఆ రోజుల్లో ఊరంతా అదే రగడ. కేఫ్‌లో ఫుట్‌బాల్ పక్కనపెట్టి మరీ దీని మీదే అరుచుకునేవాళ్ళు. లిస్బన్‌లో సర్కారు వాళ్ళు ఇలా అన్నారని ఒకరంటే, బ్రస్సెల్స్‌లో యూరప్ వాళ్ళు అలా అన్నారని ఇంకొకరు. మా లోయని జన్యుమార్పిడి లేని ప్రాంతంగా ప్రకటించాలని కుయింబ్ర పట్నం నుంచి ఇరేన్ అనే అమ్మాయి ఇల్లిల్లూ తిరుగుతోంది. పాత విత్తనాలు కాపాడే సంఘం వాళ్ళది. మంచి పిల్ల, కష్టపడే పిల్ల. గ్రాసింద దగ్గర రొట్టె చెయ్యడం నేర్చుకుంటానని వచ్చి, చేతులు కాల్చుకుని, మళ్ళీ మర్నాడు వచ్చింది. అందుకే గ్రాసిందకి ఆ అమ్మాయంటే ప్రాణం.

పంచాయతీ హాల్లో మీటింగ్ పెట్టారు. ఒకాయన లేచి పురుగు గురించి చెప్పాడు, ఇంకొకాయన కేన్సర్ గురించి చెప్పాడు, మూడో ఆయన ఇద్దర్నీ తిట్టాడు. "అమెరికావాళ్ళు తింటున్నారుగా, చచ్చారా?" అని ఒకరంటే, "వాళ్ళ నడుములు చూశావా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. హాలంతా నవ్వు. ఆ నవ్వులో గ్రాసింద లేచి పొత్తు పైకెత్తింది.

"ఇది మా అమ్మమ్మ విత్తనం," అంది. "అంచు వేస్తాను, ఏం కానివ్వను అని సిల్వేరియు నాకు ఒట్టేశాడు. వెయ్యలేదు. సిల్వేరియు అబద్ధమాడాడు."

వెనక వరసలో సిల్వేరియు కూచుని ఉన్నాడు. టోపీ పెట్టుకుని, పెళ్ళాం చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. ఆ పొత్తుని ఇరేన్ వాళ్ళు గాజు సీసాలో పెట్టి హాలు బల్ల మీద ఉంచారు, అందరూ చూడ్డానికి. లోయలో ఆ విత్తనం వద్దా, ఉండనివ్వాలా అన్న ఓటింగ్ అక్టోబరులో ఒక ఆదివారం అని తేల్చారు.

తర్వాత జరిగినవి చెప్పుకుంటే మాకే సిగ్గు. కేఫ్‌లో సిల్వేరియు వస్తే పక్క కుర్చీ ఖాళీ అయ్యేది. చర్చిలో పూజ మధ్య ఒకరికొకరు శాంతి చెప్పుకునే వేళకి జనం ముఖం తిప్పుకునేవాళ్ళు. అతని గోడ మీద ఎవరో నల్లరంగుతో 'విషం' అని రాశారు. జుల్మీరా సున్నం వేస్తే సున్నంలోంచి అక్షరాలు మళ్ళీ తేలాయి. గ్రాసింద కిటికీలోంచి అన్నీ చూస్తూనే ఉంది. 'చేసుకున్నవాడికి చేసుకున్నంత' అని తనకి తాను చెప్పుకునేది. శనివారం పిండి పిసికేటప్పుడు మాత్రం చెయ్యి అలవాటుకొద్దీ ఒకటి ఎక్కువ చేసేది. దాన్ని ఎవరికివ్వాలో తెలిసేది కాదు.

ఓటింగ్‌కి ముందు రోజు పొత్తులు ఒలిచే పండగ. దానికి ముందు రోజు గ్రాసింద కొడవలి పట్టుకుని ఆత్మల మొక్కల దగ్గరికెళ్ళింది. వాటి పొత్తులు విడిగా కొయ్యాలి కదా. ఒక పొత్తు కోసి, అలవాటుగా డొప్ప కొంచెం చీల్చింది.

పసుపు.

ఒకటో రెండో గింజలు కాదు. మొత్తం పొత్తు నిండా పసుపే. గింజ నెత్తిన నొక్కు. మొలిచిన గింజే పసుపుదైతే తప్ప పొత్తంతా ఇలా కాయదు. ఇంకోటి చీల్చింది, అదీ అంతే. ఉన్నవన్నీ చీల్చింది. మొక్కలు లేచింది కోళ్ళ ఎరువు పోసిన చాళ్ళ పక్కనే. అప్పుడు తట్టింది.

కోళ్ళకి ఆమె ఎన్నడూ తన తెల్ల మొక్కజొన్న వేసేది కాదు. రొట్టెయ్యే గింజ కోళ్ళకి వేస్తే పాపం అని. అంగడిలో బస్తా కొనేది. ఓడల్లో ఎక్కణ్ణుంచో సముద్రం అవతల్నుంచి వచ్చే, నెత్తిన నొక్కున్న పసుపు గింజ. కోళ్ళు కొంత తినేవి, కొంత చిమ్మేవి. చిమ్మింది గడ్డిలో కలిసి, గడ్డి ఎరువై, ఎరువు చేలోకి వెళ్ళింది. పుణ్యమని ఆమె దానికి కర్ర కట్టి మరీ నిలబెట్టింది. తెల్లదాని నడిమధ్యన.

గ్రాసింద కోళ్ళగూటి మెట్టు మీద కూలబడింది. కోడి ఒకటి వచ్చి ఆమె ఒళ్ళో పొత్తుని పొడవబోయింది. "ఛీ, పో, నువ్వూ నీ తిండీ!" అని విదిలించి, వెంటనే నోటికి ఏప్రాన్ అంచు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. విత్తనం కోసం కాదు. హాల్లో అందరి ముందూ ఆ మనిషి టోపీ పెట్టుకుని వెళ్ళిపోయిన తీరు కళ్ళ ముందు మెదిలి ఏడ్చింది.

శనివారం పొద్దున్నే ఇరేన్ సాయానికి వచ్చింది. గ్రాసింద ఏమీ దాచకుండా చెప్పేసింది. ఇరేన్ ఆ పసుపు పొత్తులు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

"అమ్మా, రేపు ఓటింగ్ అయ్యాక చెప్పండి," అంది చివరికి. "నిజానికి ఇది ఇంకా పెద్ద విషయం. జన్యువులు మార్చిన గింజ వద్దువద్దంటూనే దాన్నే ఓడల్లో తెప్పించి మేపుతున్నామని దీన్ని చూస్తే అర్థమవుతుంది. కానీ ఈ ఒక్కరోజులో ఎవరికి అర్థం చేయించగలం? ముసలావిడ పొరబడిందట అని నవ్వేస్తారు. రెండేళ్ళుగా తిరుగుతున్నానమ్మా నేను."

"నువ్వు తిరగడం నాకు తెలీదా తల్లీ."

"ఒక్కరోజే కదా."

"ఆ ఒక్కరోజూ అతను అబద్ధాలకోరుగానే ఉండాలా? నీకది ఒక్కరోజు. అతనికి ఊపిరే సరిగ్గా ఆడట్లేదు, రేపటిదాకా ఉంటాడని నాకు రాసిస్తావా?"

ఇరేన్ పొత్తులు తిరిగిచ్చేసింది. గ్రాసింద ఆమె జుట్టు నిమిరి, "కోపం తెచ్చుకోకు. నేనూ రేపు నీ వైపే ఓటేస్తాను," అంది. "ఇవాళ మాత్రం ఇది నా పని."

పొత్తులు ఒలవడం పూర్వం రాత్రిళ్ళు జరిగేది. ఇప్పుడు అందరికీ మోకాళ్ళ నొప్పులు, చీకట్లో మెట్లు కనబడవు, అందుకని మధ్యాహ్నమే కానిచ్చేస్తున్నాం. కళ్ళంలో గ్రాసింద పొత్తుల గుట్ట, చుట్టూ ముక్కాలి పీటలు, కాల్చిన చెస్ట్‌నట్ కాయలు, కొత్త వైను, అకార్డియన్. ఎవరి చేతికి ఎర్ర పొత్తు దొరికితే వాళ్ళు "రాజపొత్తు!" అని అరిచి, లేచి, అందర్నీ వరసగా కౌగిలించుకోవాలి. ఎవరూ కాదనకూడదు. మాటలు మానేసుకున్నవాళ్ళు కూడా కాదనకూడదు. కుర్రకారు పోయినేటి ఎర్ర పొత్తు చొక్కాలో దాచుకొచ్చి దొంగాట ఆడేవాళ్ళు. సిల్వేరియు పెళ్ళికి ముందు జుల్మీరా కోసం అలాగే దాచుకొచ్చి, పొత్తులోంచి పురుగులు రాలితే దొరికిపోయాడు. ఆ కథ ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెప్పాల్సిందే, అందరూ కొత్తగా విన్నట్టు నవ్వాల్సిందే.

ఆ ఏడు ఎవరూ చెప్పలేదు. సిల్వేరియు పీట ఖాళీ.

పని మొదలవకముందే గ్రాసింద లేచింది. ఏప్రాన్‌లోంచి పసుపు పొత్తులు తీసి గుట్ట మీద పోసింది.

"ఇవి నా చేలోవి. సిల్వేరియువి కావు. నా కోళ్ళ దాణా మొలిస్తే ఆత్మల మొక్కలని నేనే పెంచాను. నా తెల్లదాన్ని నేనే పాడు చేసుకుని, హాల్లో నిలబడి ఆ మనిషిని అబద్ధాలకోరు అన్నాను. మీరంతా విన్నారు. ఇప్పుడు ఇదీ వినండి."

ఎవరో మెల్లగా, "అయితే ఆ గోడ మీద…" అని మొదలుపెట్టి ఆగిపోయారు. కొందరు నేలచూపులు చూశారు. అకార్డియన్ ఆయన పెట్టె మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒక ముసలాయన మాత్రం "మేమూ ఆ బస్తాలే కొంటున్నాం కదే గ్రాసిందా," అన్నాడు భయంభయంగా. ఇరేన్ లేచి, హాల్లోకెళ్ళి, బల్ల మీది సీసా మూత తీసి పొత్తు తెచ్చి గుట్టలో వేసింది. ఏడుస్తోంది, కానీ వేసింది.

గ్రాసింద పీట మీద కూచుని ఒలవడం మొదలుపెట్టింది. ఎంతసేపో కాలేదు, "రాజపొత్తు!" అని అరిచింది. అందరూ తల తిప్పారు. ఆమె చేతిలో ఎర్ర పొత్తు. పక్కవాళ్ళు కౌగిలింతకి చేతులు చాచారు. ఆమె వాళ్ళని దాటుకుని, కళ్ళం దాటి, రోడ్డు దాటి నడిచింది. ఒక్కొక్కరే లేచి ఆమె వెనక బయల్దేరారు. కాలవ దగ్గర ఆగిపోయారు. పలక మీదుగా ఆమె ఒక్కతే వెళ్ళింది.

సిల్వేరియు గుమ్మం ముందు కుర్చీలో కూచుని ఉన్నాడు. లేవలేదు. జుల్మీరా తలుపు దగ్గర నిలబడింది.

"అన్నా," అంది గ్రాసింద. మాటలు వచ్చినంతలో చెప్పింది, కోళ్ళూ, ఎరువూ, మొక్కలూ, కళ్ళంలో అందరి ముందూ తానన్న మాటలూ. చెప్పి, ఎర్ర పొత్తు చూపించింది. "రాజపొత్తు. కాదనకూడదు."

సిల్వేరియు పొత్తు చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. బొటనవేలితో ఒక గింజ మీద నొక్కాడు. గింజ పొడైపోయి వేలికంటుకుంది.

"ఇది పోయినేటిది," అన్నాడు.

"అవును. దూలానికి కట్టింది."

"చెల్లదు చెల్లెమ్మా."

"చెల్లదని తెలుసు. ఈ ఏటిది దొరుకుతుందో లేదో. దొరికేదాకా ఆగే ఓపిక నాకు లేదన్నా."

అతను పొత్తు వంకే చూస్తూ ఉండిపోయాడు. "గోడ మీద రాసినప్పుడు జుల్మీరా రెండు రోజులు అన్నం ముట్టలేదు," అన్నాడు. అది తిట్టు కాదు, జరిగింది చెప్పడం. అందుకే గ్రాసిందకి ఎక్కువ తగిలింది. ఆమె అక్కడే మెట్టు మీద కూచుండిపోయి, చిన్నపిల్లలా ఏడ్చింది.

ముందు కదిలింది జుల్మీరా. "లే వదినా. ఏడిస్తే నీ ముక్కు ఎంత ఎర్రగా అవుతుందో చూసుకున్నావా, ఆ పొత్తు అక్కర్లేకుండా పోయింది," అంది తానూ ఏడుస్తూ. ముగ్గురూ లేచి నిలబడ్డారు. సిల్వేరియు చేతులు చాచాడు. చాలాసేపు వదల్లేదు. అతని గుండెలో గురగురమనే శబ్దం గ్రాసింద చెవికి వినబడింది.

కాలవ అవతల నిలబడ్డవాళ్ళకి చప్పట్లు కొట్టాలో, తల దించుకోవాలో తెలియలేదు. ఇందాక బస్తాల మాటన్న ముసలాయన టోపీ తీశాడు. అది చూసి మిగతావాళ్ళూ తీశారు.

సాయంత్రానికి సిల్వేరియు పీట ఖాళీగా లేదు. అతను కూచోగానే గ్రాసింద ఇంటికెళ్ళి, ఆ పొద్దున అలవాటుకొద్దీ ఎక్కువ చేసిన రొట్టె గుడ్డలో చుట్టి తెచ్చి జుల్మీరా ఒళ్ళో పెట్టింది. జుల్మీరా వాసన చూసి, "నెలన్నరగా కొట్టు రొట్టె తింటున్నాం వదినా, దూదిలా ఉంటుంది, దేవుడు మెచ్చడు," అంది.

"వచ్చే ఏడు కూడా ఆ విత్తనమే వేస్తాను మరి," అన్నాడు సిల్వేరియు ఎవరూ అడక్కుండానే. "రేపు మీరు ఓటేసి వద్దంటే మానేస్తాను. లేదంటే వేస్తాను. నాకు ఊపిరి కావాలి."

"నేను వద్దనే ఓటేస్తాను," అంది గ్రాసింద.

"వెయ్యి."

"నువ్వు ఏ విత్తనం వేసినా, నాకంటే మూడు వారాలు ముందు నాటు. పూతలు కలవకుండా ఉంటాయి. కోళ్ళకి ఏం పెట్టాలో నేను చూసుకుంటాను."

అతను తలూపి ఒక పొత్తు ఒలిచాడు. తెల్లగా ఉంది, మధ్యలో ఒకే ఒక్క పసుపు గింజ. దాన్ని గోటితో ఊడదీసి, అరచేతిలో పెట్టుకుని ఆమె ముందు చాచాడు.

"చెల్లెమ్మా, ఇది నీ కోళ్ళదా, నాదా?"

గ్రాసింద గింజ వంక చూసింది, అతని ముఖం వంక చూసింది. ఏ శాస్త్రవేత్త వచ్చినా చూపుతో తేల్చగలిగే సంగతి కాదది. ఆమె ఆ గింజ తీసుకుని ఏప్రాన్ జేబులో వేసుకుంది.

"ఎవరిదైతేనేం, నా చేలో కాసింది," అంది. "ఒలువన్నా, చీకటి పడుతోంది."